శనగచేని మీద వల

మణెమ్మ పుట్టిని తిరగేసిన రోజు మేకపిల్లలు లబోదిబోమన్నాయి. వాటికి తెలిసిన ఇల్లు అదొక్కటే. తల్లులు మేతకు పోయి వచ్చేదాకా ఆ వెదురు గుమ్మటం కిందే పడుకుని, దాని బద్దలు నాకుతూ పెరిగాయి. ఉన్నట్టుండి ఇంటికప్పు లేచిపోయి ఆకాశం కనబడేసరికి ఒకదాని మీద ఒకటి ఎక్కి ఒకటే అరుపులు.

"అరవండి, అరవండి. మీ తాతల కాలంలో ఇది పడవేలే," అంది మణెమ్మ.

నిజానికి అది పడవే. పెద్ద గంపలాగా వెదురు బద్దలతో గుండ్రంగా అల్లి, అడుగున పట్టా కప్పి తారు పూస్తే, ఇద్దరు మనుషులనూ వాళ్ల వలనూ మోసుకుపోతుంది. చెరువు ఎండిన ఏడు మాల్యాద్రి అనే జాలరి బతుకుదెరువుకు శ్రీశైలం నీళ్ల వైపు వలసపోతూ దాన్ని మణెమ్మ వాకిట్లో దించి, "ఉంచుకో అక్కా, మళ్లీ నీళ్లొస్తే నువ్వే తిప్పుకో," అన్నాడు. నీళ్లు రాలేదు. కంభం చెరువు తీరే అంత. నిండితే సముద్రం, ఎండితే మైదానం. ఏళ్లు గడిచినకొద్దీ పుట్టి బోర్లాపడి మేకపిల్లల గంప అయింది. మణెమ్మ మాత్రం ఎవరైనా "ఏందా గంప?" అని అడిగితే "గంప కాదు, పుట్టి," అని దిద్దేది.

ఆ ఏడు వానలు తెగబడ్డాయి. నల్లమల మీద పడిన ప్రతి చినుకూ వాగులు పట్టి గుండ్లకమ్మలోకి, అందులోంచి చెరువులోకి చేరింది. చవితి నాటికి బురదగా ఉన్నది దీపావళికి అలుగు పారింది. మార్కాపురం నుంచీ గిద్దలూరు నుంచీ జనం ఆటోలు మాట్లాడుకుని వచ్చి, కట్ట మీద నిలబడి ఫోటోలు తీసుకుని వెళ్లిపోయారు. వాళ్లు వెళ్లాక రేవు మేలుకుంది.

కట్టకు ఒక పక్కగా నేల వాలుగా నీళ్లలోకి దిగే చోటే రేవు. తెల్లవారుతూనే పుట్టులూ థర్మాకోలు తెప్పలూ ఒకదాని వెనక ఒకటి ఒడ్డు తాకుతాయి. గోనెపట్టాలో చుట్టిన ఐసుగడ్డల మీద చెక్కసుత్తి పడుతుంటుంది. ఆడవాళ్లు పట్టాలు పరిచి బొచ్చెలను ఒక కుప్ప, శీలావతులను ఒక కుప్ప, జిలేబీ చేపలను ఇంకో కుప్ప పోస్తారు. కొరమీను మాత్రం చావకూడదు, దానికి నీళ్ల డ్రమ్ము. పొదిలి ఆటో ఒకడు, దర్శి ఆటో ఇంకొకడు, ఎవరి పెట్టెలు ముందు ఎక్కాలని కొట్లాడుకుంటూ ఉంటే, ఆ కొట్లాటలోనే రెండు ఆటోలూ నిండిపోతాయి. ఎండ ముదిరేసరికి చేపలన్నీ వెళ్లిపోయి, పొలుసులూ కుక్కలూ ఆరవేసిన వలలూ మిగులుతాయి.

చెరువు నిండిన ప్రతిసారీ మణెమ్మ ఆ రేవులో కూలి చేసినదే. ఐసు కొట్టింది, చేపలు ఏరింది, చిరిగిన వలలు కుట్టింది. వల కుట్టడంలో ఆమె చేతికి రేవులో సాటిలేదు. ఆ సంగతి రేవు చెప్పకముందే ఆమే చెప్పేది. కానీ ఆమెకు గూటం లేదు.

ఒడ్డున నేలలో దిగగొట్టిన ఇనపగూటాలు ఉంటాయి, పుట్టికి ఒకటి. పడవ తాడు దానికి కడతారు. గూటం ఉన్నవాడికి నీళ్ల మీద వల వేసుకునే జాగా ఉంటుంది, మళ్లీ చెరువు ఎండేదాకా అది అతనిదే. గూటం లేనివాళ్లు ఆ గూటాల మధ్య ఖాళీల్లో కూర్చుని పరాయి చేపలు ఏరతారు. మణెమ్మ చాలా ఏళ్లు అలా కూర్చుంది. ఇప్పుడు తన గూటం తనకు కావాలనుకుంది.

రేవు పెద్ద గురుస్వామి తన పుట్టికి తారు పూస్తుంటే వెళ్లి ఎదురుగా నిలబడింది.

"మామా, నాకొక గూటం కావాల."

"ఎందుకు, మేకను కట్టేసుకుంటావా?"

"మేకకైతే నిన్ను అడుగుతానా? పుట్టికి."

గురుస్వామి బుర్రమీసాల ముసలాయన. నవ్వు వచ్చినా మీసాల కిందే ఆపుకుంటాడు. పక్కనే తెప్ప కడుతున్న కోటి మాత్రం ఆపుకోలేదు. కుర్రతనం వదిలి కొన్నేళ్లే అయింది, ఆ కుర్ర నోరు ఇంకా వదలలేదు.

"పెద్దమ్మా, నువ్వు చెరువులోకి పోతే మా వలలు ఎవురు కుడతారు?"

"నీ వల నువ్వే కుట్టుకో కోటీ. అప్పుడన్నా తెలుస్తది, రాళ్ల మీద ఎందుకు వేయగూడదో."

గురుస్వామి తారుకుంచె డబ్బాలో పెట్టాడు. "పద్ధతి తెలుసు గదా మణెమ్మా. పుట్టి అడుగున బూడిద పోసి చూస్తాం, తడవగూడదు. జాగా నువ్వే చెప్పుకోవాల. అక్కడ వేసిన వల మొత్తం బయటికి రావాల. నీళ్లలో వల వదిలినోళ్లకి ఈ రేవులో గూటం లేదు. మా తమ్ముడు వదిలితే మా తమ్ముడికే ఇయ్యలా."

ఆ కట్టుబాటులో న్యాయం ఉంది. నీళ్లలో వదిలేసిన వల ఊరుకోదు. ఎవరూ తీయని చేపలను చంపుతూనే ఉంటుంది, తర్వాత వచ్చిన వాళ్ల వలలనూ పట్టుకుంటుంది.

"మరి యాడ వేస్తావు?"

"నా శనగచేని మీద," అంది మణెమ్మ.

రేవంతా నవ్వింది. నవ్వినా అందరికీ తెలుసు, ఆ మాటలో తప్పేం లేదని. చెరువు ఎండిన ఏళ్లలో కూలినాలి వాళ్లు ఆ అడుగునేలలో తలా కాస్తా దున్నుకుని శనగ వేసుకున్నారు. మణెమ్మా ఆమె పెనిమిటి ఆశీర్వాదమూ వేశారు. ఇప్పుడు ఆ చేను మీద మూడు నిలువుల నీళ్లు ఉన్నాయి. గుట్ట మీది ఒంటి వేపచెట్టూ, ఊరి అవతలి సెల్ టవరూ ఒక వరుసలోకి వస్తే కింద ఉన్నది ఆమె చేనే.

"నేను ఏరిన నేల అది," అంది ఆమె. "రాయీ రప్పా, మోడూ మొద్దూ ఏమీ లేవు. అరచెయ్యి మాదిరి ఉంటది."

అంత గట్టిగా చెప్పాక గురుస్వామి సరేనన్నాడు.

ఇంటి దగ్గర పుట్టి పని మొదలైంది. మేకపిల్లలు కొరికిన చోట కొత్త బద్దలు దూర్చి అల్లింది. అడుగుకు పట్టా కావాలి. రేవులో చేపలమ్మే రాధిక తన కూతురు గోపికకు ఓణీల ఫంక్షన్ చేసినప్పుడు కొట్టించిన పెద్ద ఫ్లెక్సీ తెచ్చి ఇచ్చింది. బొమ్మ బయటికి ఉంటే తారు నిలవదని మణెమ్మ దాన్ని లోపలికి తిప్పి, దబ్బనంతో కుట్టింది. తీరా చూస్తే పుట్టిలో కూర్చున్నవాళ్లకు వెదురు అల్లిక సందుల్లోంచి గోపిక ముఖం నవ్వుతూ కనిపిస్తోంది, చుట్టూ బంధువుల తలకాయలు.

ఆశీర్వాదం తొంగిచూశాడు. అతను తర్లుపాడు వైపు పలకల గనుల్లో రాయి కొట్టినవాడు. రాయి అంటే భయం లేదు, నీళ్లంటే ఉంది. "మే, ఇంతమంది ఉంటే మునగదా ఇది?"

"వాళ్లు తేలికే జెస్సీ నాయనా. బరువంతా నీదే." జెస్సీ వాళ్ల కూతురు. పెళ్లయి దోర్నాలలో ఉన్నా మణెమ్మ మొగుణ్ని పిలవడానికి ఆ పేరే వాడుతుంది.

"నన్నెందుకు తీసుకపోవడం? ఎవుర్నన్నా కూలికి పిలువు."

"సొంత గూటం అడిగి కూలోణ్ని పెట్టుకుంటే నవ్వుతారు. నువ్వు తెడ్డు పట్టుకుంటే చాలు, భయం నేను పడతాలే."

ఆమె భయపడే రకం కాదని అతనికి తెలుసు. అందుకే ఆ మాటకు ధైర్యం రాలేదు, కానీ వెళ్లాడు.

బూడిద పరీక్ష రోజున రేవులో పని ఆపి మరీ చూశారు. ప్రతి పుట్టికీ మొదటిసారి నీళ్లలో దించేముందు గురుస్వామి కొబ్బరికాయ కొడతాడు. మణెమ్మ పుట్టి దగ్గరికి వచ్చేసరికి కాయ చేత్తో పట్టుకుని ఆగాడు, ఆమె చర్చికి పోయే మనిషి కదా అని.

"కొట్టు మామా. కాయ నీ చేత్తో, ప్రార్థన నా నోటితో. పుట్టి ఒకటే గదా," అంది మణెమ్మ. కొంగు తలమీదికి లాక్కుని పెదవులు కదిపింది. ఇటు కాయ పగిలింది.

పొయ్యి బూడిద జల్లెడ పట్టి గోపిక ముఖం కనబడకుండా అడుగంతా చల్లారు. నీరు ఎక్కడ ఊరినా ఆ చోట బూడిద నల్లబడుతుంది. మణెమ్మ అంచున మోకాళ్ల మీద కూర్చుని తెడ్డు వేసింది. కొత్తవాళ్లు తోస్తే పుట్టి ముందుకు పోకుండా ఉన్నచోటే తిరుగుతుంది. ఆమెకూ రెండు చుట్లు తిరిగింది, మూడోదానికి మాట విన్నది. ఒడ్డు వెంట పోయి వచ్చాక అందరూ వంగి చూశారు. బూడిద పొడిపొడిగా ఉంది, నడిమధ్య ఒక్క చోట తప్ప. రూపాయి బిళ్లంత నలుపు.

రాధిక వేలితో బూడిద తోసి చూసింది. "అయ్యో, మా పిల్ల ముక్కు! జలుబు చేసినట్టుందే అక్కా!"

నవ్వులు ఆగేలోపలే మణెమ్మ పుట్టిని బోర్లించి, ఆ చోట తారు ముద్ద అద్ది, కొబ్బరిపీచు నొక్కి, మళ్లీ తారు పూసింది. మరునాడు మళ్లీ దించింది. ఈసారి గోపిక ముక్కు ఆరే ఉంది. గురుస్వామి తల ఊపాడు.

ఇక వల మిగిలింది. ఆ వల ఆమె కొన్నది కాదు. ఎన్నో ఏళ్లుగా జాలర్లు పారేసిన వలల్లోంచి మంచి ముక్కలు ఏరి, ఒకదానికొకటి కుట్టి పెంచింది. సాయంత్రం వేపచెట్టూ టవరూ వరుసలోకి వచ్చిన చోట ఆశీర్వాదం తెడ్డు ఆనించి పట్టుకుంటే, ఆమె వల పైతాడుకు కట్టిన తేలే బెండ్లను ఒకటొకటిగా వదిలింది. అడుగుతాడుకు కట్టిన గుండ్లు బుడుంగుమని దిగిపోయాయి. తన చేను మీద తను వల వేయడం విచిత్రంగానే అనిపించింది. ఇదే చోట ఒకప్పుడు నడుం వంచి కలుపు తీసింది. ఆ నేలలో ఏ సాలు వంకరపోయిందో ఇప్పటికీ చెప్పగలదు.

పొద్దున గురుస్వామి తన పుట్టిలో పక్కనే నిలిచాడు. సాక్షి చూడాలే తప్ప చెయ్యి వేయకూడదు. కోటి తెప్ప వేసుకుని, పిలవకుండానే వచ్చాడు.

వల మొదటి సగం పాటలాగా వచ్చింది. జిలేబీలు, చేతి నిడివి శీలావతులు. ఆశీర్వాదం భయం మరిచిపోయి చేపలు విడదీస్తున్నాడు. ఆ తర్వాత తాడు బిగిసింది. మణెమ్మ లాగింది. వల రాలేదు, పుట్టే ఆ వైపుకు ఒరిగింది. ఆశీర్వాదం ఒక చేత్తో అంచునూ ఇంకో చేత్తో ఆమె కొంగునూ పట్టుకున్నాడు.

"ఏం పెద్దమ్మా," అని అరిచాడు కోటి, "అరచేతిలో ముల్లు ఇరిగిందా?"

మణెమ్మ నీళ్ల మీదికి వంగింది. తాడును వేళ్ల మధ్య సన్నగా కదిపి చూసింది. చెట్టు మోడయితే కొంచెం ఊగుతుంది, మెత్తగా పడుతుంది. ఇది ఊగలేదు. గరగరమని రాసుకుంది. రాయి. నిలువు రాయి. ఆ గరగర తాడు వెంట వచ్చి ఆమె చేతిని తాకినప్పుడే సంగతి అర్థమైంది.

"జెస్సీ నాయనా. మన కూసాలు."

"ఏ కూసాలు?"

"అడివిపందులకని నువ్వు పాతిన రాతి కూసాలు. తీగ చుట్టేసుకుని తెచ్చుకున్నాం. రాళ్లు ఆన్నే ఉన్నయ్."

అతను నోరు తెరిచాడు. పలకల గని దగ్గర పనికిరాక పడేసిన బండలను ట్రాక్టరు మీద తోలుకొచ్చి, చేను చుట్టూ నిలబెట్టి, వాటికి ముళ్లతీగ చుట్టినది అతనే. "నువ్వు తీయమంటే తీసేటోణ్ని గదా!"

"నేను అన్లేదులే. నా తప్పే."

తప్పు ఎలా జరిగిందో కూడా ఆమెకు తెలిసింది. చేను అంటే ఆమెకు లోపలి నల్లనేల. రాళ్లు ఏరిందీ కలుపు తీసిందీ అక్కడే. కంచె ఆమె లెక్కలో ఏనాడూ చేనులో భాగం కాదు, అది చేను అయిపోయే చోటు. ఒడ్డున నిలబడి "రాయీ రప్పా లేవు" అన్నప్పుడు ఆమె నిజమే చెప్పాననుకుంది. వల మాత్రం గట్టు చూసుకుని ఆగదు కదా, గాలికి కాస్త జరిగి పోయి కంచె మీద పడింది.

గురుస్వామి దగ్గరికి వచ్చాడు. ముఖం గంభీరంగా ఉంది. "గాలి లేస్తంది మణెమ్మా. నువ్వు కోస్తానంటే నేను ఆపను. కోస్తే ఏందో నీకు తెలుసు."

"కొయ్యను మామా."

"బలంగా లాగితే చినిగి సగం లోపల్నే ఉండిపోతది."

"బలంగా లాగను."

ఆమె గుట్ట వైపు చూసింది, తర్వాత కట్ట వైపు. కళ్లు మూసుకుని నీళ్లు తీసేసిన చేను తలుచుకుంది. రోజూ పొద్దున చేనికి వస్తూనే సద్దిమూట కూసానికి తగిలించేది. తగిలించి అటు తిరిగేసరికి జారి కిందపడేది. ఎప్పుడూ ఒకే వైపు, కట్ట వైపు. అడుగునేల వాలుకు, మెత్తటి మట్టికి కూసాలన్నీ ఆ వైపే ఒరిగాయి. "గోడకు ఆనుకున్న తాగుబోతుల మాదిరి పాతినావు," అని ఆ ఏళ్లన్నీ మొగుణ్ని దెప్పింది. అతను, "గనిలో రాయి పడగొట్టడం నేర్పిస్తారు, నిలబెట్టడం ఎవురు నేర్పినారు?" అనేవాడు.

ఇప్పుడు వాళ్లు గుట్ట వైపు నుంచి లాగుతున్నారు. అంటే ఒరిగిన రాయికి ఎదురు లాగుతున్నారు.

"తాడు వదులు చెయ్యి," అంది. "పుట్టిని కట్ట వైపుకు తిప్పాల."

"లోతు అటేగా?"

"లోతు మనకెందుకు, మనం పైన ఉంటాం. తెడ్డు గట్టిగా పట్టుకో. గాలి మనల్ని వెనక్కి నూకుతాది, పోనీయొద్దు."

ఆశీర్వాదం మోకాళ్ల మీదికి లేచాడు. గనిలో సమ్మెట ఎత్తిన భుజాలు అవి, తెడ్డు వాటికి ఒక లెక్క కాదు. మొదట పుట్టి గిర్రున తిరిగి అతని తలా తిరిగింది. కళ్లు గట్టిగా మూసుకుని తెడ్డును నీళ్లలోకి దిగేసి పట్టాడు. పుట్టి నిలిచింది. మణెమ్మ వలను ముందు వదులుగా జారనిచ్చింది, గుండ్లు నేలకు ఆనేదాకా. తర్వాత వాలు వెంట, మెల్లగా, బొంతలోంచి చంటిపిల్లను తీసినట్టు లాగింది. తాడు ఒక్కసారి గరుకుగా రాసుకుని, చప్పున తేలికైంది.

సద్దిమూట జారినట్టే జారింది.

"ఒగటి," అంది ఆమె.

రెండో కూసమూ అలాగే వదిలింది. ఆ తర్వాతిది మాత్రం మొండికేసింది. ఎంత జారు ఇచ్చినా ఒక మూల పట్టుకునే ఉంది. ఆమె పళ్లు బిగించి, తాడును ఒక పక్కకు విదిలించింది. పటుక్కుమని ఏదో తెగింది, వలంతా పైకి వచ్చేసింది. వలతో పాటు ఒక బొచ్చె. నీటిలో నానిన రాళ్ల నీడన తిని బలిసిన చేప. పుట్టిలో పడి తోక ఆడించేసరికి అక్కడక్కడా మిగిలిన బూడిద చెదిరి, గోపికా ఆమె బంధువులందరూ బయటపడ్డారు.

ఒడ్డున గురుస్వామి వలను కొసనుంచి కొసదాకా చేతుల్లోంచి జరిపించాడు. బెండ్లు, గుండ్లు, అడుగుతాడు, అన్నీ ఉన్నాయి. మధ్యలో తల దూరేంత చిరుగు.

"చినిగిందిగా," అన్నాడు కోటి.

"చినిగితే కుట్టేది ఎవురు కోటీ, నువ్వా?" అంది రాధిక.

"అది కాదు అత్తా. రాయే లేదన్నది గదా. ఉన్నది. అబద్ధమాడినోళ్లకి గూటం ఇస్తారా?"

అందరూ మణెమ్మను చూశారు. ఆమె తడిసిన కొంగు పిండుకుంటోంది. "తప్పు చెప్పినా. ఆడ కూసాలు ఉన్నయ్, చేను చుట్టూ ఉన్నయ్. అందరూ ఇనండి, ఆ వరసలో ఎవురూ వల వేయొద్దు, పోగొట్టుకుంటారు." అని, కొంగు విదిలించి, "వేసేది నేనొక్కదాన్నే. ఏ రాయి ఎట్ల ఒరిగిందో నాకు తెలుసు. చేపలు కూడా ఆన్నే ఉన్నయ్, మీరే చూసినారు," అంది.

గురుస్వామి మీసాల కింద ఆపుకుంటూ వచ్చిన నవ్వు అప్పుడు బయటపడింది. "తప్పు చెప్పి మంచి జాగా కొట్టేసినావే!"

"నువ్వు పెట్టిన పద్ధతే మామా. వల నీళ్లలో ఉన్నదా, బయట ఉన్నదా?"

"బయటే ఉంది."

ఒడ్డున గూటాల వరసలో చివర, నేల గట్టిగా ఉన్న చోట ఆయన గూటం నిలబెట్టాడు. సమ్మెట ఆశీర్వాదానికి ఇచ్చాడు. ఆశీర్వాదం ఎత్తబోయాడు.

"ఆగు," అంది మణెమ్మ. వెళ్లి గూటాన్ని రెండు చేతులతో పట్టుకుని, కన్ను చికిలించి చూసి, నిటారుగా సరిచేసింది. "ఇప్పుడు కొట్టు. దీన్ని మాత్రం ఒరగనీయొద్దు."

అతను కొట్టాడు. మొదటి ముడి గురుస్వామి వేశాడు, రెండోది ఆమె వేసి బిగించింది.

ఎండ ముదిరింది. ఆటోలు వెళ్లిపోయాయి. మణెమ్మ తన గూటానికి వీపు ఆనించి కూర్చుని, ఒళ్లో వల పరుచుకుని, చిరుగు అంచులు సమంగా కత్తిరించి దారం కండె అందుకుంది. ఆశీర్వాదం పక్కన చేరి కాసేపు చూశాడు.

"మే, మిగతా కూసాలు కూడా కట్ట వైపే ఒరిగినయ్యా?"

"నువ్వు పాతినవేగా," అంది ఆమె తల ఎత్తకుండా. "రేపు పొద్దున పెందలాడే లెయ్యి."